ఇంట్‌కు 2 బైట్లా, 4 బైట్లా? సి డేటా టైపుల సైజు మీ మెషీన్‌లోనే కొలుచుకోవడం ఎలా

సి ల్యాబ్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే కర్నూలు, నంద్యాల, ఆదోని కాలేజీల పిల్లల నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. "సార్, ఇంట్‌కి రెండు బైట్లా, నాలుగు బైట్లా? నోట్సులో రెండని ఉంది, నా ల్యాప్‌టాప్‌లో నాలుగు వస్తోంది. వైవాలో ఏం చెప్పాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా, ఎవరికి వారు కొలుచుకునేలా ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ముందు టెన్షన్ తీరేలా జవాబు చెప్తాను. ఇంట్ అంటే సి భాషలో పూర్ణాంకాలు పెట్టుకునే డేటా టైపు. దాని సైజు కంపైలర్‌ను, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ను మెషీన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది, కాబట్టి రెండూ కరెక్టే. ల్యాబ్‌లో టర్బో సి ఉంటే 2 వస్తుంది, ఇంట్లో జిసిసి ఉంటే 4 వస్తుంది. ఇంట్ కనీసం 16 బిట్లు (8 బిట్లకు ఒక బైట్ చొప్పున 2 బైట్లు) ఉండాలని మాత్రమే సి భాష నియమం చెబుతుంది. అంతకంటే ఎంత పెద్దగా ఉండాలన్నది కంపైలర్ తయారుచేసినవాళ్ల ఇష్టం. టర్బో సి 1987లో డాస్ కోసం వచ్చిన 16 బిట్ల కంపైలర్, అందుకే అందులో 2. కాబట్టి కంపైలర్ పేరు చెప్పకుండా సైజు ఒక్కటే చెబితే అది సగం జవాబే. పట్టిక బట్టీ పట్టడం మానేసి, కొలవడం నేర్చుకోండి.

ఒక మాట. కోడ్‌ను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. మధ్యలో ఒక్క పెద్ద అక్షరం పడినా, సైజు చెప్పే సైజాఫ్ పనిచేయదు.

కావలసినవి

ఏదో ఒక సి కంపైలర్. ల్యాబ్‌లో టర్బో సి, ఇంట్లో కోడ్ బ్లాక్స్‌తో వచ్చే జిసిసి, ఉబుంటు ఉంటే అందులోని జిసిసి, ఏదైనా సరే. ల్యాప్‌టాప్ లేదని ఆగిపోకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని, అందులో క్లాంగ్ కంపైలర్ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఈ పనులన్నీ ఫోన్‌లోనే అవుతాయి. వీలైతే రెండు వేర్వేరు కంపైలర్ల మీద చేయండి, తేడా కళ్లతో చూస్తేనే విషయం బుర్రకెక్కుతుంది. రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి.

1. ముందు మీ కంపైలర్ ఏదో తెలుసుకోండి

ఎక్కువమంది ఈ మెట్టు దాటేసి, తర్వాత తికమక పడతారు. టెర్మినల్‌లో జిసిసి అని కొట్టి, ఖాళీ వదిలి, -డంప్‌మెషీన్ అని ఇవ్వండి. ఒక లైన్ వస్తుంది. అది ఎక్స్86_64 అని మొదలైతే మీది 64 బిట్ల కంపైలర్. ఐ686 అని మొదలైతే 32 బిట్లది.

జాగ్రత్త: విండోస్‌లో ఆ లైన్ చివర, విండోస్ జిసిసికి గుర్తుగా, మింగ్‌డబ్ల్యూ32 అని కనిపిస్తుంది. ఆ 32 చూసి 32 బిట్లు అనుకోకండి, 64 బిట్ల కంపైలర్‌కు కూడా చివర అదే పేరు ఉంటుంది. లైన్ మొదట్లో ఏముందో అదే చూడాలి.

ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తుంటాను. "నా విండోస్ 64 బిట్లది, కాబట్టి ఇంట్ 8 బైట్లు ఉండాలి కదా?" అంటారు. కాదు. విండోస్ 64 బిట్లదైనా, దాని మీద నడిచే కంపైలర్ 32 బిట్లది కావచ్చు. డాస్‌బాక్స్‌లో నడిచే టర్బో సి అయితే ఇప్పటికీ 16 బిట్లదే. పైగా 64 బిట్ల జిసిసిలో కూడా ఇంట్ 4 బైట్లే.

2. కొలిచే ప్రోగ్రామ్ రాయండి

#ఇన్‌క్లూడ్ <ఎస్‌టీడీఐఓ.హెచ్>
ఇంట్ మెయిన్(వాయిడ్)
{
ప్రింట్‌ఎఫ్("చార్ %డి\ఎన్", (ఇంట్)సైజాఫ్(చార్));
ప్రింట్‌ఎఫ్("ఇంట్ %డి\ఎన్", (ఇంట్)సైజాఫ్(ఇంట్));
రిటర్న్ 0;
}

ఇదే పద్ధతిలో షార్ట్, లాంగ్, లాంగ్ లాంగ్, ఫ్లోట్, డబుల్, లాంగ్ డబుల్, ఇంట్ స్టార్, అన్నిటికీ ఒక్కో లైన్ కలపండి. చివరిది పాయింటర్, అంటే ఇంకో వేరియబుల్ అడ్రస్ పెట్టుకునేది.

సైజాఫ్ ముందు బ్రాకెట్లో ఇంట్ ఎందుకంటే, సైజాఫ్ ఇచ్చే విలువ టైపు కంపైలర్‌ను బట్టి మారుతుంది. దానికి అసలు ఫార్మాట్ %జెడ్‌యూ. కానీ టర్బో సికి అది తెలియదు, విండోస్‌లోని కొన్ని పాత మింగ్‌డబ్ల్యూ కంపైలర్లలో అంకె బదులు జెడ్‌యూ అన్న అక్షరాలే స్క్రీన్ మీద పడతాయి. ఇంట్‌గా మార్చి %డి పెడితే ఎక్కడైనా నడుస్తుంది.

ఇక్కడ వచ్చే తప్పులు ఇవి:

టర్బో సిలో లాంగ్ లాంగ్ లైన్ దగ్గర ఎర్రర్ వస్తుంది. అది మీ తప్పు కాదు. లాంగ్ లాంగ్ 1999 ప్రమాణంతో సి భాషలోకి వచ్చింది, టర్బో సి అంతకంటే పాతది. ఆ లైన్ తీసేయండి.

ల్యాబ్‌లో అలవాటైన కోనియో.హెచ్, క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ ఉబుంటులో గానీ ఫోన్‌లో గానీ దొరకవు. కాపీ చేసిన పాత ప్రోగ్రామ్‌లో అవి ఉంటే తీసేయండి. టర్బో సిలో అవుట్‌పుట్ కనబడకుండా స్క్రీన్ వెళ్లిపోతే ఆల్ట్, ఎఫ్5 నొక్కితే చాలు.

టైపు పేరుకు బ్రాకెట్లు తప్పనిసరి. వేరియబుల్‌కు అయితే లేకున్నా నడుస్తుంది, కానీ పెట్టడమే అలవాటు చేసుకోండి.

3. వచ్చిన అంకెలు సరిచూసుకోండి

టర్బో సిలో ఇవి రావాలి: చార్ 1, షార్ట్ 2, ఇంట్ 2, లాంగ్ 4, ఫ్లోట్ 4, డబుల్ 8, లాంగ్ డబుల్ 10. పాయింటర్ మీరు ఎంచుకున్న మెమరీ మోడల్‌ను బట్టి ఉంటుంది, స్మాల్ అయితే 2, లార్జ్ అయితే 4.

64 బిట్ల ఉబుంటులో జిసిసి అయితే: చార్ 1, షార్ట్ 2, ఇంట్ 4, లాంగ్ 8, లాంగ్ లాంగ్ 8, ఫ్లోట్ 4, డబుల్ 8, లాంగ్ డబుల్ 16, పాయింటర్ 8.

64 బిట్ల విండోస్ జిసిసిలో దాదాపు అన్నీ ఇవే గానీ, లాంగ్ మాత్రం 4. ఇద్దరు స్నేహితులు ఒకే ప్రోగ్రామ్‌ను ఒకరు ఉబుంటులో, ఒకరు విండోస్‌లో నడిపి "నీది తప్పు" అని వాదించుకునేది ఎక్కువగా ఈ లాంగ్ దగ్గరే.

చార్ మాత్రం ఎక్కడైనా 1. అది నియమమే, ఎందుకంటే మిగతా అన్నిటినీ కొలిచే కొలత చారే. మీకు 1 కాకుండా ఇంకేదైనా వచ్చిందంటే టైపు పేరు బదులు సింగిల్ కోట్స్‌లో అక్షరం ఇచ్చి ఉంటారు. సిలో సింగిల్ కోట్స్‌లోని 'ఎ' లాంటి అక్షరం చార్ కాదు, ఇంట్. జిసిసిలో దాని సైజు 4, టర్బోలో 2. కానీ టర్బో సి++ 3.0లో కొత్త ఫైలు తెరిస్తే దాని పేరు సీపీపీ అని ముగుస్తుంది, అప్పుడు ప్రోగ్రామ్ సి++‌గా కంపైల్ అయ్యి 1 వస్తుంది. ఫైలును .సి అని సేవ్ చేసి మళ్లీ నడపండి. వైవాలో ఇది అడిగితే చాలామంది తడబడతారు.

అలాగే 3.14 అని రాస్తే అది ఫ్లోట్ కాదు, డబుల్. సైజాఫ్ 8 ఇస్తుంది. ఫ్లోట్ కావాలంటే అంకె చివర ఎఫ్ పెట్టాలి.

4. సైజు నుంచి పరిధి లెక్క కట్టండి

సైజు ఒక్కటే తెలిసి ఏం లాభం? ఆ డబ్బాలో ఎంత పడుతుందో తెలియాలి. కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చే ఉల్లి లెక్కే తీసుకుందాం. 800 బస్తాలు, బస్తాకు 50 కిలోలు. మొత్తం 40,000 కిలోలు. బస్తాలు ఒక ఇంట్‌లో, కిలోలు ఇంకో ఇంట్‌లో పెట్టి టర్బో సిలో గుణించి చూడండి. స్క్రీన్ మీద -25536 వస్తుంది. 2 బైట్ల ఇంట్‌లో పట్టే పెద్ద అంకె 32,767. దాన్ని దాటిపోయింది కాబట్టి 40,000 లోంచి 65,536 పోగా మిగిలిందే ఆ మైనస్ అంకె. అదే ప్రోగ్రామ్ జిసిసిలో 40000 అని సరిగ్గా చెబుతుంది.

దీన్ని సరిచేయబోయి అందరూ చేసే తప్పు ఒకటుంది, ఇక్కడ కాస్త ఆగి చదవండి. జవాబు పెట్టుకునే వేరియబుల్‌ను లాంగ్ చేస్తారు, అయినా -25536 వస్తుంది. "లాంగ్ పెట్టినా పనిచేయడం లేదు సార్" అంటారు. గుణకారం జరిగేటప్పుడు రెండు వైపులా ఇంట్లే ఉన్నాయి కాబట్టి లెక్క ఇంట్‌లోనే జరిగి, అక్కడే పాడైపోయింది. పాడైన జవాబును తీసుకెళ్లి పెద్ద డబ్బాలో పెడితే అది బాగుపడదు. రెండింటిలో కనీసం ఒక దాన్ని ముందే లాంగ్ చేయాలి, బస్తాల ముందు బ్రాకెట్లో లాంగ్ అని రాయండి. ప్రింట్ చేసేటప్పుడు %డి కాదు, %ఎల్‌డి వాడండి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి మరిచినా జవాబు తప్పే వస్తుంది.

జిసిసి వాడేవాళ్లు మనకు ఈ బాధ లేదనుకోవద్దు. 4 బైట్ల ఇంట్‌లో పట్టే పెద్ద అంకె 2,14,74,83,647, అంటే 214 కోట్ల పైచిలుకు. 60,000ను 60,000తో గుణిస్తే 360 కోట్లు, పట్టదు. రూపాయలను పైసల్లో పెట్టి లెక్కిస్తే 2 కోట్ల 15 లక్షల రూపాయల దగ్గరే ఇంట్ చేతులెత్తేస్తుంది. అక్కడ లాంగ్ లాంగ్ వాడాలి.

పరిధి సరిచూసుకోవడానికి లిమిట్స్.హెచ్ కలిపి, ఇంట్_మ్యాక్స్, లాంగ్_మ్యాక్స్ ప్రింట్ చేయండి. ఇవి మాత్రం పెద్ద అక్షరాల్లో రాయాలి. లాంగ్_మ్యాక్స్‌కు ఇక్కడ కూడా %ఎల్‌డి కావాలి. కావాలని పొంగించి చూసి పరిధి కనుక్కునే పద్ధతి వద్దు. సైన్ ఉన్న ఇంట్ పరిధి దాటితే ఏం జరగాలో సి ప్రమాణం చెప్పదు. ఆప్టిమైజేషన్ ఆన్ చేసిన జిసిసి వేరే జవాబు ఇచ్చినా ఆశ్చర్యం లేదు.

ఫ్లోట్ గురించి ఒకే మాట. 4 బైట్ల ఫ్లోట్‌లో 1,67,77,217 పెట్టి ప్రింట్ చేయండి, 16777216 వస్తుంది. ఒక రూపాయి మాయం. డబ్బు లెక్కకు ఫ్లోట్ వాడొద్దు.

5. అరేను కొలవండి

మెయిన్‌లో 60 మంది మార్కులకు ఇంట్ అరే పెట్టి సైజాఫ్ అడిగితే జిసిసిలో 240 వస్తుంది. మొత్తం సైజును మొదటి ఎలిమెంట్ సైజుతో భాగిస్తే 60 వస్తుంది. ఎన్ని ఉన్నాయో తెలుసుకునే మంచి పద్ధతి ఇది.

ఇదే లైన్‌ను తీసుకెళ్లి వేరే ఫంక్షన్‌లో పెట్టి, అరేను దానికి పంపి చూడండి. 60 రాదు, 2 వస్తుంది. ఫంక్షన్‌లోకి అరే వెళ్లదు, దాని అడ్రస్ వెళ్తుంది. 8 బైట్ల పాయింటర్‌ను 4తో భాగిస్తే 2. దీనికి జిసిసి వార్నింగ్ కూడా ఇస్తుంది. దయచేసి ఆ వార్నింగ్ చదవండి, ఎర్రర్ కాదు కదా అని వదిలేయకండి. మందు ఒక్కటే: మెయిన్‌లోనే లెక్క కట్టి, ఆ సంఖ్యను ఫంక్షన్‌కు విడిగా పంపాలి.

పెద్ద అరేలకు ఇంకో హెచ్చరిక. మెయిన్ లోపల 30 లక్షల ఇంట్‌ల అరే పెడితే అది 1,20,00,000 బైట్లు. ఫంక్షన్ లోపలి వేరియబుల్స్ ఉండే స్టాక్ ఉబుంటులో మామూలుగా 8 ఎంబీ ఉంటుంది కాబట్టి ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ఆగిపోతుంది. అరేను మెయిన్ బయట పెట్టండి, లేదా ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ అడిగి తీసుకునే మాలాక్ వాడండి. మాలాక్‌తో తీసుకున్నదాన్ని సైజాఫ్ కొలవలేదు, పాయింటర్ సైజు 8 మాత్రమే చెబుతుంది. ఎంత అడిగారో మీరే గుర్తుంచుకోవాలి.

6. ఊరి పేరు పెట్టి స్ట్రింగ్ కొలవండి

చార్ అరేలో కర్నూలు పేరు ఇంగ్లీష్‌లో పెట్టండి, 7 అక్షరాలు. స్ట్రింగ్ లెంగ్త్ 7, సైజాఫ్ 8. ఆ ఎక్కువ వచ్చిన ఒకటి చివరి నల్ అక్షరానిది. ఖాళీ బ్రాకెట్ల అరే కాకుండా చార్ స్టార్‌గా ప్రకటిస్తే మాత్రం పేరు ఎంత పొడవున్నా సైజాఫ్ 8 అనే అంటుంది. అక్కడ 8 వచ్చిందని సరిపోయిందనుకోకండి. పేరు మార్చి, అనంతపురం అని ఇంగ్లీష్‌లో పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఇప్పుడు ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేసి, అదే అరేలో తెలుగులో "కర్నూలు" అని రాయండి. కంటికి కనిపించేవి మూడు అక్షరాలే. సైజాఫ్ మాత్రం 22 చెబుతుంది. క, ర, పొల్లు, న, ఊకారం, ల, ఉకారం, ఇలా మొత్తం 7 గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, 21కి నల్ కలిపితే 22. "కడప"కు ఒత్తులూ గుణింతాలూ లేవు కాబట్టి 10తో సరిపోతుంది. "అనంతపురం"కు 25. మీ ఊరి పేరు మీరే కాగితం మీద విడదీసి, ముందు లెక్క కట్టి, తర్వాత ప్రోగ్రామ్‌తో పోల్చుకోండి.

ఇది పరీక్ష కోసమే కాదు. ఊరి పేరుకు 20 బైట్లు చాలని ఎవరో ప్రోగ్రామ్‌లో పెడితే కడప వాళ్ల పేరు పడుతుంది, అనంతపురం వాళ్లది పక్క మెమరీలోకి పొర్లిపోతుంది. తెలుగు తీసుకునే చోట గుర్తుల సంఖ్యను మూడుతో గుణించి, ఒకటి కలిపి చోటు ఇవ్వండి. స్కాన్‌ఎఫ్ బదులు ఎఫ్‌గెట్స్ వాడితే ఇచ్చిన చోటు దాటి రాయదు.

7. స్ట్రక్చర్‌లో కనబడని ఖాళీలు

సెక్షన్ చార్, రోల్ నంబర్ ఇంట్, గ్రేడ్ చార్, ఈ వరుసలో ఒక స్ట్రక్చర్ (వేర్వేరు టైపుల విలువలను ఒక్కచోట కట్టి ఉంచేది) రాయండి. కూడితే 1+4+1, అంటే 6. జిసిసి 12 అంటుంది. 4 బైట్ల ఇంట్ నాలుగో ఎక్కంలో వచ్చే చోటే మొదలవ్వాలి కాబట్టి సెక్షన్ తర్వాత 3 బైట్లు ఖాళీ వదిలింది, చివర ఇంకో 3 కలిపింది. దీన్నే ప్యాడింగ్ అంటారు. ఎక్కడ వదిలిందో చూడాలంటే ఎస్‌టీడీడెఫ్.హెచ్ కలిపి ఆఫ్‌సెటాఫ్ వాడండి, 0, 4, 8 అని వరుసగా వస్తాయి.

ఇప్పుడు రోల్ నంబర్‌ను అన్నిటికంటే పైకి జరిపి మళ్లీ నడపండి. 8 వస్తుంది. వరుస మార్చినందుకే మూడో వంతు మిగిలింది. 10,000 మంది రికార్డులకు 1,20,000 బైట్ల చోట 80,000. పెద్ద టైపులు ముందు, చిన్నవి తర్వాత అన్నది గుర్తుంచుకుంటే చాలు. టర్బో సిలో మామూలు సెట్టింగ్‌లో ఈ ఖాళీలు ఉండవు, 1+2+1 కలిపి 4 వస్తుంది.

ప్యాక్డ్ అని పెట్టి ఖాళీలన్నీ తీసేయొచ్చని వీడియోల్లో చెబుతుంటారు. చేయొచ్చు గానీ, ఫైలు ఫార్మాట్‌కో, హార్డ్‌వేర్‌కో అచ్చంగా సరిపోవాల్సినప్పుడే వాడండి. మామూలు ప్రోగ్రామ్‌కు వరుస మార్చుకోవడమే మేలు.

8. సైజు మారకూడదనుకుంటే

ఎక్కడ నడిపినా 4 బైట్లే కావాలంటే ఎస్‌టీడీఇంట్.హెచ్ కలిపి ఇంట్32_టీ వాడండి. 8 బైట్లకు ఇంట్64_టీ. ఇవి కూడా 1999 ప్రమాణంతో వచ్చినవే, కాబట్టి టర్బోలో దొరకవు. మీరు అనుకున్న సైజు కాకపోతే కంపైలే కాకూడదు అనుకుంటే, 2011 ప్రమాణం నుంచి _స్టాటిక్_అసర్ట్ ఉంది. అందులో సైజాఫ్(ఇంట్) == 4 అన్న షరతు, కామా, కోట్స్‌లో ఒక సందేశం రాయండి. షరతు తప్పితే ప్రోగ్రామ్ నడవకముందే ఎర్రర్ వస్తుంది.

రికార్డులో, వైవాలో ఎలా రాయాలి

టైపు, సైజు, కంపైలర్ పేరు, ఎన్ని బిట్లది, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఈ ఐదూ ఒకే వరుసలో రాయండి. వైవాలో అడిగితే ఇలా చెప్పండి: "ఇంట్ సైజు కంపైలర్‌ను బట్టి ఉంటుంది సార్. కనీసం 16 బిట్లు ఉండాలి. మన ల్యాబ్ టర్బో సిలో 2 బైట్లు, 64 బిట్ల జిసిసిలో 4 బైట్లు." మల్టిపుల్ చాయిస్‌లో 2, 4 రెండూ ఉండి "కంపైలర్‌ను బట్టి" అన్న ఆప్షన్ కూడా ఉంటే అదే పెట్టండి. ఆ ఆప్షన్ లేకపోతే ప్రశ్నలో 16 బిట్లు, టర్బో, జిసిసి లాంటి మాట ఏదైనా ఉందేమో వెతికి, దాన్ని బట్టి ఎంచుకోండి.

జావా వాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. వాళ్లకు ఈ గొడవే లేదు. జావాలో ఇంట్ ఎక్కడైనా 4 బైట్లు, లాంగ్ 8, చార్ 2, అది భాష నియమంలోనే రాసి ఉంది. పైథాన్‌లో మాత్రం సిస్ మాడ్యూల్‌లోని గెట్‌సైజాఫ్‌కు 1 ఇస్తే 64 బిట్ల మెషీన్‌లో 28 వస్తుంది, కంగారు పడకండి. అక్కడ ఒక్క అంకె కూడా పూర్తి ఆబ్జెక్టే, దాని టైపు ఏదో, దాన్ని ఎన్ని చోట్ల వాడుతున్నారో, ఆ వివరాలన్నీ కలిపి ఆ 28. అంకె పెద్దదయ్యే కొద్దీ ఆ సైజు కూడా పెరుగుతుంది. 2ను 30 సార్లు గుణించిన విలువ ఇచ్చి చూడండి, 32 వస్తుంది.